ఎలాగూ

"ఎన్నో ర్యాంకటరా?"

ఆ కుర్రాడు మా ఇంట్లో అడుగుపెట్టగానే మా నాన్నగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. పేరు కాదు, ఊరు కాదు, అన్నం తిన్నాడా అని కూడా కాదు. ముప్ఫై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆయనకి మనుషులు ముందు ర్యాంకుతో పరిచయం కావాలి, మిగతావన్నీ తర్వాత.

"నాలుగువందల పన్నెండు" అన్నాను.

"ఏ స్టేట్‌లో?"

"స్టేట్‌లో కాదు నాన్నగారూ, ప్రపంచం మొత్తం మీద."

నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని అతని వంక మళ్ళీ చూశారు. "అయితే పేపర్లో ఫొటో పడి ఉంటుందే!" అన్నారు.

మీరు నవ్వుకోవచ్చు గానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మనవైపు ఎంసెట్‌లో నాలుగువందల పన్నెండో ర్యాంకు వస్తే కోచింగ్ కాలేజీ వాళ్ళు ఊరంతా ఫ్లెక్సీలు కడతారు. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గొంతు చించుకుని అరిచే ప్రకటనల్లో కింది వరసలో ఎక్కడో స్టాంపు సైజు ఫొటో వేస్తారు. నాకు 1995లో రెండు వేల ఎనిమిది వందల చిల్లర ర్యాంకు వస్తేనే మా వీధిలో లడ్డూలు పంచారు. ఒక్క రాష్ట్రంలో, ఒక్క పరీక్షలో, పదిహేడేళ్ళ పిల్లల మధ్య వచ్చిన ర్యాంకది. ఈ కుర్రాడు భూమ్మీద మగాళ్ళందరిలోనూ, వయసు తేడా లేకుండా, టెన్నిస్ అనే పనిలో నాలుగువందల పన్నెండోవాడు. ఆ రాత్రి అతను మా గెస్ట్ రూంలో పడుకోవడానికి కారణం హోటల్‌కి డబ్బు లేకపోవడం.

ఇది 2017 సెప్టెంబరు మాట. మేముండేది నార్త్ కరొలినాలో, కేరీ అనే ఊళ్ళో. ఇక్కడా, పక్కనున్న మోరిస్‌విల్‌లోనూ మనవాళ్ళు ఎంతమందంటే, కిరాణా కొట్లో ఇంగ్లీషులో మాట్లాడేవాడిని అందరూ వింతగా చూస్తారు. ఆ ఊళ్ళో కేరీ టెన్నిస్ పార్క్ అని పెద్ద టెన్నిస్ మైదానాల సముదాయం ఉంది. అక్కడ చాలెంజర్ స్థాయి పోటీలు జరుగుతాయి. టెన్నిస్ తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మనం టీవీలో చూసే వింబుల్డన్, యూఎస్ ఓపెన్ వంటివి పై అంతస్తు. దాని కింద ఏటీపీ టూర్, దాని కింద చాలెంజర్లు, అన్నిటి కిందా ఫ్యూచర్స్ అనేవాళ్ళే, పదిహేను వేల డాలర్ల పోటీలు, అవీ. చాలెంజర్ అసలు పోటీకి ముందు క్వాలిఫయింగ్ అని ఇంకో పోటీ ఉంటుంది. మా అతిథి అందులో ఆడడానికి అర్జెంటీనా నుంచి వచ్చాడు. అప్పుడు పదకొండేళ్ళున్న మా అబ్బాయికి టెన్నిస్ నేర్పే కోచ్, క్వాలిఫయింగ్ ఆటగాళ్ళకి నాలుగైదు రోజులు గది ఇవ్వగలరా అని తల్లిదండ్రులందరికీ మెయిల్ పెట్టాడు. మా ఆవిడ సరేనంది. పేరు రాయను. అతనికి అప్పుడు ఇరవై ఏడేళ్ళు.

రెండు బ్యాగులు తెచ్చుకున్నాడు. ఒకదాంట్లో రాకెట్లూ బట్టలూ. రెండోదాంట్లో రాకెట్లకి తీగలు బిగించుకునే చిన్న మిషను. మా గ్యారేజీలో దాన్ని విప్పి బల్లమీద పెట్టుకుని అల్లడం మొదలుపెట్టాడు. నాన్నగారు స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. కాసేపయ్యాక "నులక మంచం అల్లినట్టే ఉందిరా, ముందు నిలువు, తర్వాత ఒకటి పైకీ ఒకటి కిందికీ" అన్నారు. నేను అనువాదం చేస్తే అతను మంచం మీద ఆడే ఆట ఏమిటని అడిగాడు. మర్నాడు నాన్నగారు తీగ కొస పట్టుకుని సాయం చేయడం కూడా చూశాను. ఇద్దరికీ భాష కుదరకపోయినా పని కుదిరింది. తోటి ఆటగాళ్ళ రాకెట్లు కూడా తెచ్చి అల్లి ఇచ్చేవాడు, రాకెట్‌కి పదిహేను డాలర్లు. ఆ వారం టెన్నిస్ ఆడి సంపాదించిన దానికన్నా రాకెట్లు అల్లి సంపాదించినదే ఎక్కువ.

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు ఒక కవరు వెనక లెక్క మొదలుపెట్టారు. లెక్కల మాష్టారికి ఎదుటివాడి జమాఖర్చులు అడగడంలో మొహమాటం ఉండదు. పదిహేను వేల డాలర్ల పోటీ మొత్తం గెలిస్తే సింగిల్స్ విజేతకి వచ్చేది 2,160 డాలర్లు. మొదటి రౌండులో ఓడితే 156. విమానం టికెట్టు, తిండి, బస అన్నీ సొంతమే. కోచ్‌ని వెంట తిప్పుకుంటే ఆయన టికెట్టు, తిండి కూడా. ఏడాదికి పాతిక ముప్ఫై వారాలు ఇదే పద్ధతి. నాన్నగారు కూడికలు చేసి, తీసివేతలు చేసి, పెన్ను కింద పెట్టి, "ఒరేయ్, ఇతను ఎంత బాగా ఆడితే అంత నష్టం వచ్చేట్టుందిరా" అన్నారు. లెక్క ప్రకారం అది నిజం కాదు గానీ మరీ దూరమూ కాదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య వాళ్ళే 2013 సంవత్సరానికి లెక్క కట్టి చూశారు. ఆ ఏడాది వృత్తి పోటీల్లో ఆడిన వాళ్ళు 13,736 మంది. వాళ్ళలో దాదాపు సగం మందికి ఒక్క డాలరు బహుమతి కూడా రాలేదు. కోచ్ ఖర్చు లేకుండా చూసినా, పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే మగవాళ్ళలో 336లోపు, ఆడవాళ్ళలో 253లోపు ర్యాంకు ఉండాలి. మావాడిది 412.

ఇంకో చిత్రం. సంపాదించిన పాయింట్లు యాభై రెండు వారాలు దాటితే పోతాయి. పోయినేడు ఈ వారం గెలిచినదాన్ని ఈ ఏడు మళ్ళీ గెలవాలి, లేకపోతే ర్యాంకు జారుతుంది. అంటే ఉన్నచోట ఉండడానికే పరిగెత్తుతూ ఉండాలి. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు పవర్‌బిల్డర్ వచ్చినవాడు రాజు, ఇవాళ ఆ మాట రెజ్యూమేలో రాసుకుంటే వయసు చెప్పుకున్నట్టే. అయినా మనకి నెల నెలా జీతం వస్తుంది, ఇన్సూరెన్సు ఉంటుంది. పోలిక అక్కడితో ఆపుతాను.

నాన్నగారికి అప్పటికి తెలిసిన టెన్నిస్ ఆటగాడు, సానియా మీర్జాని మినహాయిస్తే, ఒక్కడే: మైనేని సాకేత్. ఉయ్యూరులో పుట్టాడు కాబట్టి మావాడే అని ఆయన ధీమా. విశాఖపట్నంలో పెరిగి, అమెరికాలో అలబామా యూనివర్సిటీలో కాలేజీ టెన్నిస్ ఆడి, ఆ తర్వాత ఈ చాలెంజర్ల లోకంలో ఏళ్ళ తరబడి తిరిగినవాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో యూఎస్ ఓపెన్‌కి క్వాలిఫయింగ్ గెలిచి మెయిన్ డ్రాకి వచ్చాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు జిరి వెసెలీతో అయిదు సెట్లు ఆడాడు. అయిదో సెట్లో కాళ్ళు పట్టేశాయి. 7-5తో పోయింది. ఆ మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే నేను బల్ల కింద ఫోన్లో స్కోరు చూస్తూ కూర్చున్నాను. మూడు వారాలు తిరక్కుండా ఢిల్లీలో డేవిస్ కప్‌లో లియాండర్ పేస్ పక్కన నిలబడి, నెట్‌కి అవతల ఉన్న నాదల్ మీద డబుల్స్ ఆడి మొదటి సెట్టు గెలుచుకున్నారు, తర్వాత ఓడిపోయారు. అతని అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 137. మన చుట్టాల్లో ఎవరైనా ప్రపంచంలో 137వ డాక్టరనో, 137వ ప్రోగ్రామరనో తేలితే మనం వాళ్ళకి గుడి కడతాం. టెన్నిస్‌లో అయితే "వాడికి పెద్దగా కలిసి రాలేదు పాపం" అంటాం.

కలిసి రావడం అంటే ఏమిటో కూడా చెప్పడం కష్టమే. 2023 సెప్టెంబరులో సుమిత్ నాగల్, అప్పటికి భారతదేశంలో నంబర్ వన్ ఆటగాడు, ఆ ఏడాది మొదట్లో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మాత్రమే ఉన్నాయని పత్రికల వాళ్ళకి చెప్పాడు. నాలుగు నెలలు తిరగ్గానే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ విలాండర్‌ని ఓడించిన తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక సీడ్ ఆటగాడి మీద భారతీయుడు గెలవడం అదే. ఒక్కసారిగా అందరం పట్టుదల గురించి మాట్లాడుకున్నాం. అతను ఆ రోజు ఓడిపోయి ఉంటే అదే పట్టుదలని మొండితనం అని ఉండేవాళ్ళం. మనిషి అతనే, చేసిన కష్టమూ అదే. పేరు పెట్టేది మాత్రం చివర్లో స్కోరు చూసి.

నేను చెప్పదలుచుకున్నది ఇది కాదు. ఇది నాకు ముందే తెలుసు. తెలియనిది ఆదివారం రాత్రి తెలిసింది.

శనివారం అతని మ్యాచి. మొదటి రౌండు క్వాలిఫయింగ్. నాన్నగారు, నేను, మా అబ్బాయి వెళ్ళాం. చుట్టూ ఉన్న కుర్చీల్లో ఎనిమిదిమంది ఉన్నారు, అందులో ముగ్గురం మేమే. ఎదుటివాడు ఇరవై ఏళ్ళ అమెరికన్ కాలేజీ కుర్రాడు, సర్వీసు పిడుగు. మావాడు మొదటి సెట్టు పోగొట్టుకున్నాడు, రెండోది టైబ్రేక్‌లో లాక్కున్నాడు. మూడో సెట్లో 2-5 దగ్గర, ఎవరు చూసినా అయిపోయిందనుకునే సమయంలో, నెట్ దగ్గర రాలిపడుతున్న బంతి కోసం వెనక గీత నుంచి పరిగెత్తి కింద పడి మోకాలు దోక్కుపోయింది. బంతి మాత్రం అవతల పడింది. "చూసేవాళ్ళు పదిమంది కూడా లేరు, ఎందుకురా ఇతనంత పరిగెడుతున్నాడు?" అన్నారు నాన్నగారు. ఆ గేమ్ గెలిచాడు. తర్వాతది ఓడాడు. 4-6, 7-6, 3-6. నెట్ దగ్గరకొచ్చి చేయి కలిపి, తువ్వాలు భుజాన వేసుకుని, మా అబ్బాయి చేతికి వాడేసిన బంతి ఒకటి ఇచ్చి షవర్‌కి వెళ్ళిపోయాడు. టికెట్టు ముందుకి మార్చుకుంటే అదనంగా డబ్బు కట్టాలని మంగళవారం దాకా మా ఇంట్లోనే ఉన్నాడు.

ఆదివారం రాత్రి వెనక డెక్ మీద కూర్చున్నాం. అతని ఫోను గుయ్యి గుయ్యిమంటూనే ఉంది. ఇంటి నుంచేమో అనుకున్నాను. నవ్వి, చూపించాడు. ఎవరెవరో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, అతని మీద పందెం కట్టి పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళమ్మని తిట్టినవాళ్ళు, చేతులు విరగ్గొడతామన్నవాళ్ళు, క్యాన్సరు రావాలన్నవాళ్ళు. ఎనిమిదిమంది చూసిన ఆట మీద ప్రపంచమంతా పందాలు కాసింది. మా కేరీలో ఆ మూల కోర్టులో అంపైరు చేతిలోని చిన్న పెట్టెలో పాయింటు నొక్కగానే ఎక్కడెక్కడో వెబ్‌సైట్లలో రేటు మారుతుంది. నేను కంప్యూటర్లలో ఇన్నేళ్ళు పనిచేసి కూడా ఈ పైపులైను గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత ఇంకో మెసేజి చూపించాడు. అది మ్యాచికి రెండు రోజుల ముందు వచ్చింది. మర్యాదగా ఉంది. మొదటి సెట్టు ఓడిపోతే మూడు వేల డాలర్లు. మ్యాచి గెలుచుకున్నా ఫర్వాలేదు, సెట్టు చాలు.

ఇలాంటివి కొత్త కాదట. అప్పటి నియమం ప్రకారం టెన్నిస్ ఇంటెగ్రిటీ యూనిట్‌కి చెప్పాలి, చెప్పకపోవడం కూడా నేరమే. చెప్పానన్నాడు. ఈ రోగం ఎంత ముదిరిందో తేల్చడానికి 2016లో ఒక స్వతంత్ర సమీక్షా సంఘం వేశారు. 2018లో వాళ్ళ నివేదిక వచ్చింది. వాళ్ళు సర్వే చేసిన 3,218 మంది ఆటగాళ్ళలో 464 మంది మ్యాచ్ ఫిక్సింగ్ గురించి తమకు స్వయంగా తెలుసన్నారు. అన్నిటికన్నా ఎక్కువ కుళ్ళు కింది అంతస్తుల్లోనే అని, ఖర్చులు రాని ఆటగాళ్ళ లోకంలోకి పందాల డబ్బు వదలడమే దానికి కారణమని, ఆ పదిహేను వేల డాలర్ల పోటీల స్కోర్లు బెట్టింగ్ కంపెనీలకి అమ్మడం మానెయ్యమని రాశారు. అంటే ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసింది ఆటని నడిపేవాళ్ళే, తింటే జీవితకాలం నిషేధించేదీ వాళ్ళే.

నాన్నగారు అంతా విన్నారు. మూడు వేల డాలర్లని రూపాయల్లోకి మార్చుకున్నారు. పదిహేను వేల డాలర్ల పోటీ మొత్తం గెలిచినా అంత రాదని కవరు మీద లెక్క ఆయనకి గుర్తుంది. అప్పుడు అడిగారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, క్లాసులో పిల్లవాడిని బోర్డు దగ్గర నిలబెట్టి "మరి ఇలా ఎందుకు చెయ్యకూడదు?" అని గుచ్చినట్టు.

"మొదటి సెట్టు ఎలాగూ ఓడిపోయాడుగా. ఆ డబ్బు తీసుకుని ఓడిపోతే ఏం పోయింది? అడుగు."

అడిగాను. అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ప్రశ్నే అర్థం కానట్టు నా వంక చూశాడు.

"ఓడిపోతానని నాకు ముందు తెలీదు కదా" అన్నాడు.

అంతే. నీతి గురించి ఏమీ అనలేదు. దేవుడనీ, వాళ్ళ నాన్న పెంపకమనీ అనలేదు. తెలీదు కదా, అన్నాడు. నేను నాన్నగారికి అనువదించి చెప్పడానికి ఒక నిమిషం పట్టింది. మాటలు దొరక్క కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను ఎమ్మెస్ పూర్తి చేసింది 2001 డిసెంబరులో. డాట్‌కామ్‌లు కూలి, సెప్టెంబరు పదకొండు జరిగి, ఉన్నవాళ్ళ ఉద్యోగాలే ఊడుతున్న రోజులు. ఏడాది వర్క్ పర్మిట్ ఉంది, గడియారం తిరుగుతోంది. న్యూజెర్సీలో ఒక కన్సల్టింగ్ కంపెనీ గెస్ట్‌హౌసులో ఏడుగురం చేరాం. రెండు బెడ్‌రూములు, ఒక రైస్ కుక్కరు, వంతులవారీ వంట. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. నాలుగు నెలలు బెంచి మీద కూర్చున్నాక, మా రెజ్యూమేలు అమ్మే మనిషి వచ్చి, ఫ్రెషర్లని ఎవరూ తీసుకోరు, నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్సు పెడుతున్నాం, హైదరాబాదులో ఫలానా చోట పనిచేశారు, ఈ ప్రాజెక్టు వివరాలు బట్టీపట్టండి అన్నాడు. నేను ఆ కంపెనీ మెట్లు కూడా ఎప్పుడూ ఎక్కలేదు.

పెట్టనిచ్చాను. నాకు నేను చెప్పుకున్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎలాగూ అందరూ చేస్తున్నదే. ఎలాగూ పని నాకు వచ్చు, లేకపోయినా నెలలో నేర్చుకుంటాను. ఎలాగూ నేను కాకపోతే ఇంకో అబద్ధాలవాడు ఆ సీట్లో కూర్చుంటాడు. మూడు వాక్యాలూ ఒకే మాటతో మొదలవుతాయని అప్పుడు గమనించలేదు. మూడో వారానికి ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ప్రాజెక్టు వచ్చింది. పని బాగానే చేశాను, పొడిగించారు. ఈ ఇల్లు, ఈ డెక్కు, గ్రీన్ కార్డు అన్నీ ఆ మొదటి ప్రాజెక్టు నుంచి పాకినవే.

ఏడుగురిలో ఒకతను ఒప్పుకోలేదు. మా అందరిలోకీ కోడ్ బాగా రాసేవాడు. వాడికీ అదే గడియారం. మేం రాత్రుళ్ళు వాడికి నచ్చజెప్పాం, "ఎలాగూ ఇక్కడెవడూ చెక్ చెయ్యడు రా" అని. వాడు ఇంటర్వ్యూల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఒక్కొక్కటే పోగొట్టుకుని, వర్క్ పర్మిట్ అయిపోగానే వెళ్ళిపోయాడు. నెవార్క్ ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. అప్పుడు వాడి మీద జాలీ, కాస్త చిరాకూ కలిగాయి గానీ గౌరవం కలిగినట్టు గుర్తు లేదు. తర్వాత ఒకటి రెండు మెయిళ్ళు, ఆ తర్వాత అవీ లేవు.

ఆ డెక్ మీద కూర్చున్నప్పుడు తట్టింది ఇది. "ఎలాగూ" అనే మాట వాడాలంటే, జరగబోయేది ముందే తెలిసి ఉండాలి. నిజానికి ఎవరికీ తెలియదు. నాకు నాలుగేళ్ళ అబద్ధం లేకుండా ఉద్యోగం దొరికేది కాదని నేను ఇప్పటికీ రుజువు చెయ్యలేను. మరో రెండు నెలలు ఆగి ఉంటే దొరికేదేమో. ఆ మ్యాచి నేను ఆడలేదు, స్కోరు ముందే అమ్ముకున్నాను. గెలిచాను కాబట్టి ఎవరూ అడగలేదు. 4-6, 7-6, 3-6 అన్న స్కోరు చూసి అందులో ఏ సెట్టు నిజంగా ఆడి ఓడినదో, ఏది అమ్ముడుపోయిందో ఎవరూ చెప్పలేరు. కాగితం మీద రెండూ ఒకటే. తేడా ఉందా అంటే, ఆ మోకాలికి తెలుసు, ఆడినవాడికి తెలుసు. ఆ తేడాకి ర్యాంకు లేదు, పాయింట్లు లేవు. మరి దాన్ని తేడా అనొచ్చా? ఎనిమిదేళ్ళుగా నన్ను పీకుతున్న ప్రశ్న ఇదే.

దీనికి ఎదురు వాదన నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో కూర్చుని, డబ్బు లేనివాడి నిజాయితీని మెచ్చుకోవడం సుఖమైన పని. అది వాడి కడుపు నింపదు. వాడు మూడు వేలు తీసుకుని ఉంటే, వాడి చెల్లెలి ఫీజు కట్టి ఉంటే, నేను ఏ మొహంతో తప్పు పట్టేవాణ్ణి? రెండు తప్పుల్లో పెద్దది వ్యవస్థదే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పోటీల్లో ఓడిపోయేవాళ్ళు లేకపోతే పైనున్నవాళ్ళు ఎవరి మీద గెలిచి పైకి వెళ్తారు? నిచ్చెన కింది మెట్లకి జీతం లేదంటే నిచ్చెన నిలబడదు. ఈ సంగతి ఆలస్యంగానైనా కొంత తలకెక్కినట్టుంది. 2024 నుంచి ఏటీపీ వాళ్ళు మొదటి 250 ర్యాంకుల వాళ్ళకి ఏడాదికి కనీస ఆదాయం హామీ ఇచ్చే పథకం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మొదటి వందమందికి మూడు లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా డెబ్భై అయిదు వేలు. 412కి ఏమీ లేదు గానీ, మొదలంటూ అయింది.

అయితే వ్యవస్థ తప్పు ఎంత పెద్దదైనా, నా తప్పు దాంట్లో కరిగిపోవడం లేదు. ఎందుకంటే అదే గెస్ట్‌హౌసులో, అదే గడియారం కింద, వేరేగా చేసినవాడు ఒకడున్నాడు. వాడు లేకపోతే నాకు సుఖంగా ఉండేది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అతిథి నిజాయితీని నేను పెద్ద త్యాగంగా చూశాను. అతనికి అది త్యాగంలా కనిపించలేదు. సెట్టు అమ్మితే ఆ సెట్టు ఆడడం కుదరదు, అతను అర్జెంటీనా నుంచి వచ్చిందే ఆడడానికి. డబ్బు కోసం వచ్చి ఉంటే రాకెట్లు అల్లుకునే దుకాణం పెట్టుకుని ఉండేవాడు. మనం ఏ పని కోసం ఇంత దూరం వచ్చామో ఆ పనినే అమ్మేసి అక్కడే ఉండడం ఎలాగో నాకు బాగా తెలుసు. అతనికి తెలీదు.

మంగళవారం పొద్దున రాలీ ఎయిర్‌పోర్టుకి దింపాను. నాన్నగారు పులిహోర పొట్లం కట్టించి ఇచ్చారు. 2019 జనవరిలో కింది పోటీల పాయింట్లని ఏటీపీ లెక్కలోంచి దాదాపు తీసేస్తూ కొత్త పద్ధతి పెట్టారు. రాత్రికి రాత్రి ఎంతోమందికి ర్యాంకే లేకుండా పోయింది. గొడవ జరిగి ఆగస్టులో పాత పద్ధతికి దగ్గరగా మార్చారు గానీ, మావాడు అప్పటికే మానేశాడు. వాళ్ళ ఊళ్ళో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. ప్రతి జనవరి ఒకటికీ మెసేజి పెడతాడు, తాతగారు ఎలా ఉన్నారని. నాన్నగారు 2020లో పోయారని చెప్పాను. నులక మంచం ఫొటో ఒకటి పంపమని అడిగితే వెతికి పంపించాను.

అమెరికాలో నా మొదటి ఉద్యోగం ఎలా వచ్చిందో నాన్నగారికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి డెక్ మీద, అనువాదం చేస్తూ, చెప్పడానికి చాలా దగ్గరకి వచ్చాను. ఆయన "మంచి జవాబురా" అని లోపలికి వెళ్ళిపోయారు, బీపీ మాత్ర వేసుకోవాలని.

మొన్న సెలవులకి మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు. వాడూ కంప్యూటర్ సైన్సే. ఎండాకాలం ఇంటర్న్‌షిప్పుల గురించి క్లాసులో అందరూ హడలిపోతున్నారట. వందల అప్లికేషన్లు పెడితే ఒక్క పిలుపు రావడం లేదట. రెజ్యూమే చూడమని లాప్‌టాప్ నా ముందు పెట్టాడు. చదువుతూ వచ్చి ఒక లైను దగ్గర ఆగాను. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఒకటి, తను ఒంటరిగా కట్టానని రాశాడు.

"ఇది నువ్వు చేశావా?"

"సగం చేశా. ఇంటర్వ్యూ వచ్చే లోపు ఎలాగూ పూర్తి చేసేస్తా డాడీ."

నేను స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నాను. తప్పని చెప్పే హక్కు ఈ ఇంట్లో నాకు అందరికన్నా తక్కువ. వాడి పుస్తకాల అరలో, ఎనిమిదేళ్ళ కిందటి ఆ బంతి, రంగు వెలిసి, ఇంకా ఉంది.

"కాస్త కాఫీ పెట్టుకొస్తాను, కూర్చో" అన్నాను. "నీకో సంగతి చెప్పాలి. తాతయ్యకి చెప్పనిది."